పిమ్స్‌లర్ రష్యన్ ఆడియో కోర్సు: పెద్ద వయసు మిషనరీ దంపతులకు సరిపోతుందా?

రష్యన్ బాగా నడిచే బిష్కెక్ (కిర్గిజ్‌స్తాన్), అల్మాటీ (కజకిస్తాన్) లాంటి చోట్లకు సేవకు వెళ్లే అరవై దాటిన దంపతులకు ఇది సగం పని చేసిపెడుతుంది. మొదటి లెవల్లో 30 పాఠాలు, ఒక్కోటి అరగంట. విన్నమాట మరిచిపోబోయే వేళకి మళ్లీ అడుగుతుంది. ఊనిక లేని, అంటే ఒత్తి పలకని, 'ఓ' దాదాపు 'అ'గా పలకాలి, పాలను 'మొలొకో' అని రాసి 'మలకో' అనాలి. అది పుస్తకం కన్నా ఇక్కడే బాగా పట్టుబడుతుంది.

చదవడం మాత్రం అంతంతే. 33 అక్షరాలు ముందే విడిగా దిద్దుకోండి. ఇంగ్లిష్ 'పి'లా కనిపించేది 'ర', 'హెచ్'లా కనిపించేది 'న'. లేకపోతే 'రీనక్' అన్న బజారు బోర్డును 'పిహోక్' అని చదువుతారు! లెక్కల్లో ఇంకో చిక్కు: రెండు నుంచి నాలుగు దాకా వస్తువు పేరుకు ఒక రూపం, అయిదు నుంచి ఇరవై దాకా మరొకటి. దీనికి చిన్న వ్యాకరణ పుస్తకం పక్కన ఉండాల్సిందే.

ఇద్దరూ ఒకే స్పీకర్లో వినకండి. చురుకైనవారు జవాబిచ్చేస్తారు, రెండోవారు నోరే విప్పరు.