అడవిపందికి .308 సరిపోయింది
రెండు వేట సీజన్లుగా .308 విన్‌చెస్టర్ రైఫిల్ వాడుతున్నాను, అడవిపందికి ఇక వేరే క్యాలిబర్ (తూటా సైజు) వెతకను. 1952 నుంచి ఉన్నదే, తూటాల్లో రకాలకు కొదవ లేదు. అంతకుముందు ఇంకా సన్న తూటా పేల్చే .223 ఉండేది, వెనక్కి తన్నడం తక్కువ, తూటా చవక, కానీ ముదురు మగపందికి భుజాల మీద చర్మం డాలులా గట్టిపడి ఉంటుంది చూడండి, నా 55 గ్రెయిన్ల (దాదాపు మూడున్నర గ్రాముల) తూటా సరిగ్గా అక్కడే తగిలింది, పంది పొదల్లోకి దూరిపోయింది, చీకటి పడేదాకా ఆకుల మీద నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ తిరిగాను. ఆ టెన్షన్ మళ్లీ వద్దు. ఇప్పుడు వాడేది 150 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్, అంటే మొన దగ్గర మెత్తని సీసం ఉండి తగలగానే విచ్చుకునే తూటా, భుజం ఎముక దాటి లోపలికి దిగుతుంది. ఫుల్ మెటల్ జాకెట్ (మొన దాకా గట్టి లోహపు తొడుగున్న తూటా) మాత్రం కొనకండి, విచ్చుకోకుండా అవతలికి దూసుకుపోతుంది, వెనక ఇంకో పంది ఉంటే దానికీ గాయమే. తన్నుడు గట్టిదే, రబ్బరు ప్యాడ్ బిగించాక పర్వాలేదు.