హన్మకొండల కొన్న స్కౌట్ సెట్టు: చొక్కా మంచిగున్నది, స్కార్ఫు, తాడు పనికిరాలే (3/5)

మా చిన్నోడు ఆరో తరగతి. ఈ యేడు బడిల స్కౌట్స్‌ల చేరిండు. హన్మకొండల ఒక యూనిఫాం దుకాణంల మొత్తం సెట్టు కొన్న. బూడిద రంగు చొక్కా, నీలం ప్యాంటు, బెల్టు, టోపీ, స్కార్ఫు, విజిలు, మూడు మీటర్ల తాడు. 1,450 రూపాయలైంది.

చొక్కా, ప్యాంటుకు వంక పెట్టేటట్టు లేదు. నాలుగు ఉతుకులైనా రంగు పోలే. బెల్టు బిళ్ల సుత బరువుగ, గట్టిగున్నది.

తిప్పలంత స్కార్ఫుతోటి. పరకాలల చదివేటప్పుడు నేను సుత గైడ్‌నే, అంటే ఆడపిల్లల స్కౌట్‌నే. స్కార్ఫు మెడల అందానికి కాదు, విప్పితే అది మూడు మూలల కట్టు గుడ్డ. మా టీచరమ్మ దాన్నే తలకు, మోకాలికి, చేతికి కట్టిపిచ్చేది. వీళ్లిచ్చింది జారే పాలిస్టర్ పీలిక. కొనేటప్పుడే అడిగిన, "అన్నా, గింత చిన్నగున్నదేంది?" అని. "ఫొటోల మంచిగనే కనపడ్తది అక్కా" అన్నడు.

పోయిన నెల పిల్లగాండ్లను పద్మాక్షి గుట్టకు తీస్కపోయిండ్రు. మెట్ల మీద మావోని పెట్రోల్‌ల (స్కౌట్ పిల్లల చిన్న జట్టును పెట్రోల్ అంటరు) ఒక పోరడు జారి మణికట్టు బెణికిచ్చుకున్నడు. మావోడు స్కార్ఫు విప్పి చెయ్యి కిందికెళ్లి తెస్తె, మెడెన్కకు మూలలే అందలేదట. ఆఖరుకు పెట్రోల్ లీడర్ తన నూలు స్కార్ఫు తీసి, రీఫ్ ముడి (రెండు కొసలు కలిపి కట్టే చదును ముడి) ఏసి, మెల్లగ దింపిండు. లీడరంటే ఎన్మిదో తరగతి పోరడే. స్కౌట్ మాస్టర్ పక్కనే నిలవడ్డడు గని చెయ్యి పెట్టలే. స్కౌటింగ్ తీరే గది. 1907ల ఇంగ్లండ్‌ల బ్రౌన్‌సీ దీవిల, స్కౌటింగ్ మొదలువెట్టిన బేడెన్-పోవెల్ మొదటి క్యాంపు పెట్టినప్పుడు సుత ఓ ఇరవై మంది దాంక పోరగాండ్లను నాలుగు పెట్రోళ్లు చేసి, ఒక్కోదానికి ఒక పోరన్నే పెద్దను చేసిండు.

ఇగ తాడు. నున్నటి నైలాన్. క్లోవ్ హిచ్ (కట్టెకు తాడు కట్టే ముడి) ఏసి గుంజితె సర్రున ఊడొస్తది. మావోడు తనకే ముడి వస్తలేదనుకొని రెండు రోజులు మూతి ముడుచుకున్నడు. బట్టలారేసే నూలు తాడిచ్చిన, ఒక్కపారికే బిగిసింది.

మార్పియ్యనీకె పెట్రోల్ పోరగాండ్లే దుకాణంలకు పోయిండ్రు, నేను బయట స్కూటీ మీదనే కూసున్న. లొల్లి పెట్టలే. కౌంటర్ మీదనే ముడి ఏసి, గుంజి చూపెట్టిండ్రు. ఆయన నవ్వి, రెండు రోజులల్ల నూలు తాడు తెప్పిచ్చిండు, పైసలు తీస్కోలే. మూడు స్టార్లు గందుకే. స్కార్ఫుకు మాత్రం "గదే సైజు వస్తది" అని తిప్పి పంపిండు.

బట్టల దుకాణంల అదే రంగు నూలు బట్ట మీటరు కొన్న. చదరంగ కత్తిరిచ్చి మూల నుంచి మూలకు కోస్తె రెండు స్కార్ఫులైనయి. ఒకటి మావోనికి, ఒకటి మణికట్టు బెణికిన పోరనికి.