కొత్త కారు కొన్నారా? జాబ్ కార్డు చదవకుండా సంతకం పెట్టకండి

గత దసరాకు మా ఇంట్లో మొదటి కారు కొన్నాం. ధర 12 లక్షలు దాటింది. గుడి ముందు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన 11వ రోజున, ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. స్టీరింగ్ బిగుసుకుపోయింది. బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడింది. వెనుక లారీ హారన్ మోగిస్తూనే ఉంది, వెనక సీట్లో మా అమ్మ, ఆరేళ్ల పాప. ఆ అరనిమిషం తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

షోరూమ్‌వాళ్లు మర్యాదలో లోటు చేయలేదు. కాఫీ ఇచ్చారు, "సాఫ్ట్‌వేర్ మార్చాం మేడమ్, ఇక రాదు" అన్నారు. అయిదు నెలల్లో ఆరుసార్లు ఆగింది, ఆరుసార్లూ అదే మాట. ఆరోసారి ఇంటికొచ్చాక జాబ్ కార్డులన్నీ, అంటే కారు ఫిర్యాదు, చేసిన పని రాసి మన సంతకం తీసుకునే సర్వీసు కాగితాలన్నీ, మంచం మీద పరిచి చదివాను. నాలుగింటిలో ఫిర్యాదు గడిలో 'జనరల్ చెకప్' అని ఉంది. అయిదోదానిలో వాషింగ్ మాట తప్ప ఇంకేమీ లేదు. ఒక్కదానిలో మాత్రం ఇంజిన్ ఆగుతోందని రాసి, దాని కిందే 'పరీక్షలో సమస్య కనబడలేదు' అని ముగించారు. అన్నింటి అడుగునా, పని తృప్తికరంగా ఉందన్న వాక్యం కింద, నా సంతకం! షోరూమ్ సర్వీస్ అడ్వైజర్ వేలు పెట్టి చూపిన చోటల్లా నేను పెట్టిన సంతకం.

కాగితాల ప్రకారం నా కారుకు జబ్బే లేదు. దయచేసి మీరు ఈ పొరపాటు చేయకండి. కౌంటర్ దగ్గర చెప్పిన నోటిమాటలన్నీ నీటిమూటలే.

అమెరికాలో ఉన్న మా తమ్ముడు "కొత్త కారు కదా అక్కా, వెనక్కిచ్చెయ్" అన్నాడు. అక్కడ రాష్ట్రాలకు లెమన్ చట్టాలు ఉన్నాయి, అంటే పదేపదే పాడయ్యే కొత్త కారును మార్చివ్వాలనో డబ్బు తిరిగివ్వాలనో చెప్పే చట్టాలు. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఉన్నది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. దాని కింద కారు మార్చివ్వమని గానీ డబ్బు తిరిగివ్వమని గానీ అడగాలంటే తయారీలోనే లోపం ఉందని చూపించాలి. విడిభాగం బాగుచేయడం లేదా మార్చడం వరకే వారంటీ ఉన్నప్పుడు మొత్తం కారు మార్చమనడం సరికాదని 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని ఆశ వదులుకోనక్కర్లేదు. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని హ్యుందాయ్ క్రెటా కేసులో, కారు మార్చివ్వాలన్న ఆదేశాన్ని 2022లో అదే కోర్టు సమర్థించింది. ఢీకొన్న వేగం, బలం లెక్కగట్టడానికి వినియోగదారుడు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర్లేదని కూడా అంది.

కారుకు చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, కంపెనీ ఉన్న ఊరికి తిరగనక్కర్లేదు. 10 నుంచి 20 లక్షల కారుకు ఫీజు 400 రూపాయలు. లాయరు తప్పనిసరి కాదు. వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. "వచ్చే సర్వీసులో చూద్దాం" అంటూ వాళ్లు జరిపే ప్రతి నెలా ఆ గడువులోంచే పోతుంది. కారును నిపుణులతో పరీక్ష చేయించమని 38వ సెక్షన్ కింద కమిషన్‌నే కోరవచ్చు. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోండి.

డీలరు, కంపెనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, ఎవరి తప్పు ఏమిటో విడిగా రాయండి. గోవాలో ఒక డీలరు 2009 నాటి కారును 2011 కొత్త కారు పేరుతో అంటగట్టిన కేసులో, ఆ తప్పు కంపెనీకి అంటదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే తాళాలు తీసుకునే ముందే డీలరు ఇచ్చే అమ్మకపు ధ్రువపత్రం (ఫారం 21)లో కారు తయారైన నెల, సంవత్సరం చూడండి. మీటరు మీద కిలోమీటర్లను ఫోటో తీసుకోండి.

ఏడోసారి నేను వెళ్లినప్పుడు అడ్వైజర్ మళ్లీ 'జనరల్ చెకప్' అనే రాయబోయాడు. ఆపమన్నాను. కార్డు తీసుకుని, "కారు నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోతోంది, ఇది ఏడోసారి" అని తేదీ, కిలోమీటర్లతో సహా నా చేత్తో రాశాను. అలా రాయడం కుదరదన్నాడు. కుదిరేదాకా కారు అప్పగించనన్నాను. నలభై నిమిషాలు నిలబడ్డాక మేనేజర్ వచ్చి ముద్ర వేశాడు. తృప్తి వాక్యాన్ని కొట్టేసి, దాని పక్కన సంతకం పెట్టాను. ఆ సాయంత్రమే అన్ని కార్డుల ఫోటోలు, పాప ఫోనులో తీసిన వీడియో జతచేసి డీలరుకూ కంపెనీకీ ఈమెయిల్ పంపాను. అయిదు నెలల్లో నాకు లిఖితపూర్వకంగా జవాబు వచ్చింది ఆ ఒక్కదానికే. దాని ప్రతిని ఫిర్యాదుకు మొదటి కాగితంగా పెట్టి జిల్లా కమిషన్‌లో దాఖలు చేశాను.