నెల్లూరులో ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టబోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

"నెల రోజుల్లో డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ అవ్వండి" అంటున్న ఆ స్కూలు ఏదో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. అక్కడ 45,000 కట్టి మోసపోయాను.

మాది కావలి. పద్నాలుగేళ్లు చెన్నైకి రొయ్యల లోడు తోలాను. నడుం పోయింది, నేర్పే పనిలోకి వెళ్దామనుకున్నాను.

ట్రైనింగ్ రెండో రోజు నుంచే నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టి, డ్యూయల్ కంట్రోల్ బ్రేకు మీద కాలు పెట్టుకోమన్నారు. పొద్దున ఆరింటి నుంచి వాళ్ల దగ్గర చేరినవాళ్లందరికీ నేనే నేర్పాను. ప్రాక్టీసే కదా అనుకున్నాను. వాళ్లకి ఊరికే పని చేసిపెట్టానని ఇప్పుడు అర్థమై ఒళ్లు మండుతోంది.

చివర్లో ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. సోమవారం అది పట్టుకుని ఇంకో స్కూలుకి పనికి వెళ్తే, అక్కడి పెద్దాయన చూసి పక్కన పెట్టేశాడు. "టెన్త్ ఉంది, అయిదేళ్ల అనుభవం ఉంది, సరే. మోటార్ మెకానిక్ సర్టిఫికెట్ ఏదయ్యా? ఐటీఐ లాంటి గుర్తింపున్న చోటిది ఉండాలి. ఇది చెల్లదు" అన్నాడు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 24వది తీసి చూపించాడు. మిగతావి నాకు ముందే ఉన్నాయి. లేని ఆ ఒక్కటి వాళ్లు ఇవ్వగలిగింది కాదు. ఆ సంగతి తెలిసే డబ్బు తీసుకున్నారు.

నిన్న వెళ్లి అడిగాను. ఓనరు కుర్చీలోంచి లేవలేదు. "ఏం అబ్బయా, నెలరోజులు మా కారు తిప్పావు. పెట్రోలు డబ్బులు నేనే నిన్ను అడగాల. లారీ తోలుకునేవాడికి సార్ అనిపించుకోవాలని ఎందుకంత ఆశ?" అన్నాడు. ఆఫీసు నిండా జనం. రైల్వే గేటు ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా ఎలా లాగాలో నేను నేర్పిన టీచరమ్మ కూడా అక్కడే ఉంది. ఆమె తల దించుకుంది. నా గొంతులోంచి మాట రాలేదు. డబ్బు పోయిన బాధ కన్నా ఆ మాటే రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. కట్టింది మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు. ఆమెకి ఇంకా చెప్పలేదు.

తప్పు నాదీ ఉంది. రసీదులో "స్పెషల్ కోర్సు" అని మాత్రమే రాశారు, నేను చదవకుండా జేబులో పెట్టుకున్నాను. మీరు కట్టేముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి, రసీదు చదవండి. ఇప్పటికే కట్టినవాళ్లు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, కలిసి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్దాం.