నాలుగేళ్లుగా రిఫ్లెక్టివ్ జర్నల్: ఒక ప్రొడక్షన్ మేనేజర్ అనుభవం

కంపెనీ నన్ను మేనేజ్‌మెంట్ కోర్సుకు పంపినప్పుడు అకౌంట్స్ పేపరు చూసి భయపడ్డాను. తీరా చూస్తే అది సులువుగానే గట్టెక్కింది. తిప్పలు పెట్టింది మాత్రం ఒక లాంగ్ నోట్‌బుక్కు. పర్సనల్ డెవలప్‌మెంట్ అనే పేపరు కింద వారానికొక పేజీ మన గురించి మనమే రాసుకోవాలి. దాన్నే రిఫ్లెక్టివ్ జర్నల్ అంటారు. ఆ ఏడాది కోర్సు అయిపోయి మూడేళ్లయింది. మా బ్యాచ్‌లో ఇంకా రాస్తున్నది నాకు తెలిసి ఇద్దరమే. నాకిప్పుడు నాలుగో పుస్తకం నడుస్తోంది. ఇన్నాళ్లు వాడాను కాబట్టి దాని మంచీ చెడూ చెప్పొచ్చనుకుంటున్నాను.

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక టాబ్లెట్ల ప్లాంటులో ప్రొడక్షన్ చూస్తాను. మూడు షిఫ్టులు, చేతికింద అరవై మందికి పైనే. ఫార్మావాళ్లకు రాత కొత్తేం కాదు. పొద్దున లేస్తే బ్యాచ్ రికార్డులు, అంటే ఒక్కో విడత మందు ఎలా తయారైందో రాసే కాగితాలు, నింపడమే పని. "రాయనిది జరగనట్టే" అని ట్రైనింగ్ మొదటిరోజే నూరిపోస్తారు. కాకపోతే అక్కడ రాసేదంతా మిషన్ గురించి, పౌడర్ గురించి. రాసే మనిషి గురించి ఒక్క ముక్క ఉండదు.

కోర్సులో మాకు చెప్పిన పద్ధతి గిబ్స్ సైకిల్. గ్రాహం గిబ్స్ అనే బ్రిటన్ అధ్యాపకుడు 1988లో పెట్టాడు. నర్సింగ్ చదువుల్లో దీన్ని బాగా వాడతారు. మొత్తం ఆరు మెట్లు: ఏం జరిగింది, అప్పుడు నాకేమనిపించింది, ఏది బాగుంది ఏది బాగాలేదు, ఎందుకలా అయింది, ఇంకేం చేసి ఉండొచ్చు, మళ్లీ అదే ఎదురైతే ఏం చేస్తాను. చూస్తే అచ్చం మా డీవియేషన్ రిపోర్టే (ఏదైనా పద్ధతి తప్పి జరిగితే దాని మీద రాసేది), ఆ రెండో మెట్టు ఒక్కటి తప్ప. డీవియేషన్‌లో ఎవరికేమనిపించిందో అడిగే దిక్కుండదు.

నా బండి ఆ రెండో మెట్టు దగ్గరే ఆగింది. ఇంగ్లిష్‌లో రాయాలి కాబట్టి "ఫ్రస్ట్రేటెడ్" అని రాసేవాణ్ణి. ప్రతి వారం అదే మాట. నాకే విసుగొచ్చి కొన్నాళ్లు "అప్‌సెట్" అన్నాను. కోర్సు అయ్యాక, ఇక దిద్దేవాళ్లు లేరు కదా అని తెలుగులో మొదలుపెట్టాను. వారం తిరక్కుండానే తేడా తెలిసింది. ప్లానింగ్ మీటింగ్‌లో డిస్పాచ్ తేదీ గురించి అందరిముందూ నిలదీస్తే నాకొచ్చింది కోపం కాదు, చిన్నబోయాను. ఆడిట్‌లో నా జూనియర్‌ని మెచ్చుకున్నప్పుడు ఉడుక్కున్నాను. క్వాలిటీ చూసే క్యూఏ వాళ్లు ఒకే ఫైలు మూడోసారి తిప్పి పంపితే చిరాకేసింది. నా ఇంగ్లిష్‌లో ఈ మూడూ ఒకటే. కానీ చిన్నబోయినవాడు ఎవరితోనైనా మాట్లాడాలి, ఉడుక్కున్నవాడు కాసేపు నోరు మూసుకోవాలి, చిరాకు పడ్డవాడు ఆ ఫైలు సరిగ్గా నింపాలి. ఎవరైనా ఈ పుస్తకం మొదలుపెడతానంటే నేను చెప్పే మొదటి మాట, ఇంట్లో తిట్టుకునే భాషలో రాయమని.

కోర్సు జరిగినన్నాళ్లూ రాసింది మాత్రం ఎక్కువ భాగం బూటకం. సంస్థ పేరు ఎందుకులే గానీ, జర్నల్‌కి ఇరవై మార్కులు పెట్టారు. మార్కులు పెట్టాక ఎవడైనా తన అసలు తప్పు ఎందుకు రాస్తాడు? దిద్దేవాళ్లకు నచ్చే తప్పు రాస్తాడు. పన్నెండు వారాల ఎంట్రీలు ఒక్క శనివారం రాత్రి కూర్చుని, పెన్నులు మార్చి మార్చి రాసినవాళ్లున్నారు మా క్లాసులో. నేనూ ఒకసారి జరగని గొడవొకటి కల్పించి, దాన్నుంచి గొప్ప పాఠం నేర్చుకున్నట్టు రాశాను. పక్కన ఎర్ర ఇంకుతో "గుడ్ ఇన్‌సైట్" అని వచ్చింది. నిజంగా బాధపడి రాసిన పేజీకి టిక్కు తప్ప ఏమీ రాలేదు.

ఇక అసలు సంగతికొస్తాను. రెండో పుస్తకంలో మార్చి నెల ఎంట్రీ ఒకటుంది. ఒక బ్యాచ్‌లో ఈల్డ్, అంటే చివరికి చేతికొచ్చే సరుకు, లిమిట్ కన్నా తగ్గింది. పౌడర్‌ని రేణువులుగా చేసే గ్రాన్యులేషన్‌లో సీనియర్ ఆపరేటర్ ఒకాయన ఉన్నాడు, వయసులో నాకన్నా పెద్ద. నేను అన్నా అంటాను, ఆయన సార్ అంటాడు. కారణం ఇంకా తేలకముందే ఆయన్ని కారిడార్‌లో పట్టుకుని నలుగురి ముందూ అరిచాను. ఆ సాయంత్రం ఆరు మెట్లూ బుద్ధిగా రాసి, చివర "ఇంకా ఓపిగ్గా ఉండాలి" అని ముగించాను. ఏదో పుణ్యం మూటగట్టుకున్నట్టు హాయిగా నిద్రపోయాను కూడా.

ఈల్డ్ ఎందుకు పడిందో తర్వాత తేలింది. గ్రాన్యూల్స్ ఆరబెట్టే మిషన్‌లో పైన గుడ్డ సంచి ఉంటుంది, ఫింగర్ బ్యాగ్ అంటాం. దాని కుట్టు ఊడి సన్నపొడి ఎగ్జాస్ట్‌లోకి పోయింది. ఇది రిపోర్టులో ఉంది. రిపోర్టులో లేనిది మూడు వారాల తర్వాత క్యాంటీన్‌లో ఆయనే చెప్పాడు: "కుట్టు వదులైందని ముందురోజే చూసిన సార్. చెప్దామనే మీ రూము దాకా వచ్చిన. మీ మొఖం చూసి చెప్పబుద్ధి కాలె." చూసినవాడు చెప్పి తీరాలి, అందులో ఆయన తప్పు లేదనను. దానివల్ల ఇన్వెస్టిగేషన్ మళ్లీ తెరవాల్సి రావడం అదో పెద్ద కథ. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ "మీ మొఖం చూసి" అన్న మాట.

ఆ రాత్రి మొదటిసారి పుస్తకం వెనక్కి తిప్పి చదివాను. అంతవరకు రాయడమే గానీ చదివింది లేదు. "ఓపిగ్గా ఉండాలి" అని పదకొండు చోట్ల ఉంది. అచ్చం అదే మాట. మా ప్లాంటులో ఎవరైనా డీవియేషన్‌కి కారణం "హ్యూమన్ ఎర్రర్", నివారణ "రీట్రైనింగ్" అని రాసుకొస్తే నేనే ఫైలు విసిరికొడతాను. ఆపరేటర్‌ని ఎన్నిసార్లు రీట్రైన్ చేస్తావయ్యా, అసలు కారణం వెతకవా అంటాను. నా విషయంలో పదకొండుసార్లు నేను చేసింది అదే. తేదీలు చూసుకుంటూ పోతే ఇంకోటి బయటపడింది. ఆ పదకొండులో ఏడు నెలాఖరు వారంలోవి, ప్లానింగ్ మీటింగ్ అయిన గంటలోపు జరిగినవి. అక్కడ చిన్నబోయి వచ్చి, ఇక్కడ అరుస్తున్నాను. మార్చిలో ఆయన నా గది దాకా వచ్చింది కూడా ఆ మీటింగ్ నుంచి నేను అప్పుడే తిరిగొచ్చిన సమయానికే.

అప్పట్నుంచి ఆరో మెట్టుకి ఒక షరతు పెట్టుకున్నాను. అక్కడ రాసేది ఇంకొకరు వచ్చి చూసినా చేశానో లేదో తెలిసేలా ఉండాలి. అలా రాసుకున్న మొదటి వాక్యం: "మీటింగ్ నుంచి నేరుగా ఫ్లోర్‌కి వెళ్లను." వెళ్లక తప్పకపోతే చేంజ్ రూమ్‌లో బెంచీ మీద కూర్చుని, షూ ఒక్కొక్కటే మార్చుకుంటూ, వెళ్తున్నది అడగడానికా తిట్టడానికా అని చూసుకుంటాను. ఆ క్రాస్ ఓవర్ బెంచీ బయటి దుమ్ము లోపలికి రాకుండా కట్టింది. నాకు ఇంకో పనికీ పనికొచ్చింది. మారిపోయానని చెప్పను. మూడో పుస్తకంలోనూ అరిచిన రోజులున్నాయి. తగ్గాయంతే. మనుషులు గది దాకా వచ్చి వెనక్కి పోవడం కూడా తగ్గినట్టే ఉంది, కానీ అది కొలిచి చెప్పలేను.

కోర్సులో ఇచ్చిన మిగతా సరుకు గురించి ఎక్కువ చెప్పేది లేదు. 1955లో జోసెఫ్ లుఫ్ట్, హ్యారీ ఇంగ్‌హామ్ అని ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు పెట్టిన జోహారీ విండో ఉంది. వాళ్ల పేర్లు కలిపి ఆ పేరు పెట్టారట, నేను మన జోహార్లకేమైనా సంబంధం ఉందేమో అనుకున్నాను. మనకు తెలియకుండా ఇతరులకు మాత్రం కనిపించే గడి ఒకటుంటుంది దాంట్లో. "మీ మొఖం చూసి" అన్న మాట ఆ గడిలోదే. పైవాళ్లు, తోటివాళ్లు, కిందివాళ్లు అందరూ మన గురించి రాసిచ్చే 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ కూడా చేయించారు. పేర్లుండవంటారు గానీ, ఎవరి ఇంగ్లిష్ ఎవరిదో రెండు లైన్లలో తెలిసిపోతుంది. పదిహేను రోజులు ఆ వాక్యాలు రాసినవాళ్లతో ముభావంగా తిరిగాను. ఫీడ్‌బ్యాక్ మీద అంతకుముందు వచ్చిన అధ్యయనాలెన్నో క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు 1996లో కలిపి చూస్తే, మూడో వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు తగ్గిందని తేలింది. నేను ఆ మూడో వంతులోకే వస్తాను.

జర్నల్‌తో ఇబ్బందులూ ఉన్నాయి. మొదట్లో రాత్రి పడుకునేముందు రాసేవాణ్ణి. అదే గొడవ మళ్లీ మళ్లీ తలలో తిరిగి నిద్ర పట్టేది కాదు. మా ఆవిడ "డ్యూటీ అయిపోయినా మీరు ఆ ఆపరేటర్లతోనే కాపురం చేస్తున్నారు" అంది. ఇప్పుడు డ్యూటీ దిగాక, కంపెనీ బస్సు కదిలే లోపు క్యాంటీన్‌లో ఇరవై నిమిషాలు, వారానికి రెండుసార్లే. బస్సు హారన్ కొడితే ఆ ఎంట్రీ అక్కడికి ముగిసినట్టే. ఫోన్‌లోనూ రాసి చూశాను, మధ్యలో వాట్సాప్ రాకుండా ఆరు మెట్లు ఎక్కలేకపోయాను.

ఫార్మావాళ్లకు ఒక హెచ్చరిక. పుస్తకాన్ని ప్రొడక్షన్ ఆఫీసు డ్రాయర్‌లో పెట్టకండి. నేను పెట్టాను. మా క్యూఏ ఆయన చూసి, "బ్యాచ్ నంబరుతో సహా సొంత నోట్‌బుక్కా? ఆడిటర్ చేతికి చిక్కితే ఏమని చెప్తావు?" అన్నాడు. నిజమే, కంపెనీ నంబరు వేసి ఇవ్వని ఏ పుస్తకమైనా ఆడిటర్ల కంటికి దాచిన రికార్డే. ఇప్పుడు బ్యాచ్ నంబర్లు, మనుషుల పేర్లు రాయను, పుస్తకం బ్యాగులోంచి క్యాంటీన్‌లో తప్ప బయటికి తీయను. అలవాటు మాత్రం పోలేదు. పాత ఎంట్రీలో నా అభిప్రాయం తప్పనిపిస్తే చెరిపేయను, బ్యాచ్ రికార్డులో లాగే ఒకే గీత కొట్టి, సంతకం పెట్టి తేదీ వేస్తాను. ఆ మార్చి ఎంట్రీలో అలాంటి గీతలు నాలుగున్నాయి.

పోయిన వారం క్యాంటీన్‌లో రాస్తుంటే ఆ గ్రాన్యులేషన్ అన్న టీ పట్టుకుని వచ్చాడు. "ఏం సార్, ఇయ్యాల నా గురించేనా?" అని తొంగిచూస్తూ కప్పు పేజీ మీదే పెట్టాడు. తీసేసరికి గుండ్రంగా మరక. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. ఆయనే నా జేబులోంచి పెన్ను తీసి, మరక పక్కన సంతకం పెట్టి, తేదీ వేసి, బస్సు ఎక్కడానికి వెళ్లిపోయాడు.