గురి ప్రాక్టీస్‌కి ఏది మేలు: ఊరవతల ఎడారా, బెన్ ఎవరీ రేంజా?

అరిజోనాలో ఫీనిక్స్, ఛాండ్లర్ వైపు ఉండే మనవాళ్లు తుపాకీ కొన్న వారం తిరక్కుండానే ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, ఊరు దాటితే ఎటు చూసినా బీఎల్ఎం (కేంద్ర ప్రభుత్వ భూముల శాఖ) భూమే. అక్కడ పైసా కట్టకుండా కాల్చుకోవచ్చు. మరి డబ్బిచ్చి రేంజ్‌కి ఎందుకు పోవాలి?" నేను గువ్వలు, కౌజుల వేటకి పబ్లిక్ ల్యాండ్‌కే వెళ్తానని తెలిసినవాళ్లు ఇంకో మాట కూడా కలుపుతారు: "వేటకి పనికొచ్చిన చోటు ప్రాక్టీస్‌కి ఎందుకు పనికిరాదు?"

నా జవాబు ముందే చెప్పేస్తాను. వేటకి పబ్లిక్ ల్యాండ్, గురికి రేంజ్. కొత్తవాళ్లయితే, అందులోనూ భార్యాపిల్లలతో వెళ్లేవాళ్లయితే, ఇందులో నాకు రెండో ఆలోచనే లేదు.

హక్కు గురించి గొడవ లేదు. ప్రత్యేకంగా మూసేస్తే తప్ప బీఎల్ఎం, ఫారెస్ట్ సర్వీస్ భూములు వేటకీ గురికీ తెరిచే ఉండాలని 2019లో వచ్చిన డింగెల్ చట్టం చెబుతోంది. హక్కు ఉన్నచోట అందరికీ క్షేమం కూడా ఉంటుందా అన్నదే నా ప్రశ్న.

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది టార్గెట్ వెనక ఏముంది అన్నది. చిన్నదని అందరూ తేలిగ్గా చూసే .22 తూటా కూడా అడ్డు లేకపోతే మైలు దాటి పోతుంది. .30-06 లాంటి వేట రైఫిల్ తూటా దాదాపు మూడు మైళ్లు వెళ్లగలదు. మన చుట్టూ ఉన్న ఎడారి చూడ్డానికి ఖాళీగానే కనిపిస్తుంది, కానీ ఆ ముళ్లపొదలు తూటాని ఆపవు. రాతి నేల మీద తగిలితే అది ఎటు ఎగిరిపోతుందో చెప్పలేం. చిన్న దిబ్బ అవతల నడక దారి ఉండొచ్చు, ఏటీవీలు (మట్టిబాటల మీద నడిపే చిన్న బండ్లు) తిరిగే బాట ఉండొచ్చు, ఎవరో టెంట్ వేసుకుని ఉండొచ్చు. 2015 జులైలో కొలరాడోలోని పైక్ నేషనల్ ఫారెస్ట్‌లో కుటుంబంతో క్యాంపింగ్‌కి వెళ్లిన ఒకాయన ఎక్కడి నుంచో వచ్చిన తూటా తగిలి చనిపోయాడు. పిల్లల్ని తీసుకుని క్యాంపింగ్‌కి వెళ్లేవాళ్లం మనలోనూ చాలామందే ఉన్నాం.

"మేం రూల్స్ పాటిస్తాం" అంటారు. మంచిదే. నేషనల్ ఫారెస్ట్‌లో ఇళ్లకీ క్యాంపులకీ 150 గజాల లోపు కాల్చకూడదు, రోడ్డు మీదుగా కాల్చకూడదు. అరిజోనాలో వేటాడేటప్పుడైతే మనుషులున్న ఇంటికి పావు మైలు దూరం ఉండాలి, లేదా ఇంటివాళ్ల అనుమతి ఉండాలి. కానీ ఈ దూరాలన్నీ కాల్చేవాడు ఎక్కడ నిలబడ్డాడో చూస్తాయి. తూటా ఎంతదూరం పోతుందో చూడవు. ఎవరికీ ప్రమాదం కలిగేలా కాల్చకూడదన్న మాట ఫారెస్ట్ రూల్స్‌లో ఉంది, నిజమే. అక్కడ దాన్ని చూసుకోవాల్సింది మాత్రం మీరొక్కరే. ఎత్తయిన మట్టిగట్టు ఎదురుగా ఉండి, మీ తూటా అందులోనే దిగబడుతుందని కళ్లతో చూసినప్పుడే అది గురి పెట్టే చోటు. గట్టు లేకపోతే 150 గజాలు కాదు, 1500 గజాలైనా నాకు ధైర్యం చాలదు.

రెండోది, ఆపమని చెప్పే మనిషి. ఐ-17 పక్కన కేర్‌ఫ్రీ హైవే దగ్గరున్న బెన్ ఎవరీని అరిజోనా గేమ్ అండ్ ఫిష్ శాఖ నడుపుతుంది. 1,600 ఎకరాలకు పైనే ఉంటుంది. మెయిన్ రేంజ్‌లో కొంతసేపటికొకసారి 'సీజ్ ఫైర్' పిలుస్తారు. అందరూ తుపాకీ ఖాళీ చేసి, బోల్ట్ తెరిచి, బెంచీ మీద పెట్టి, గీత వెనక్కి వచ్చేస్తారు. రేంజ్ ఆఫీసర్ చూసి సరే అన్నాకే టార్గెట్లు మార్చుకోవడానికి కదులుతారు. ఆ కాసేపట్లో తుపాకీ ముట్టుకోబోతే వెంటనే ఆపేస్తారు. ఎడారిలో ఒకరికొకరు తెలియని నాలుగైదు కార్ల వాళ్లు ఒకే వాగు పక్కన నిలబడతారు. ఒకతను టార్గెట్ చూసుకోవడానికి ముందుకు నడుస్తాడు, పక్కవాడు ఇయర్ మఫ్స్ పెట్టుకుని రైఫిల్ నింపుకుంటూ ఉంటాడు. అందరినీ ఆపే హక్కు అక్కడ ఎవరికీ లేదు. నాకు టెన్షన్ అంతా ఇక్కడే.

మరి వేట సంగతి? వేటలోనూ ప్రమాదం ఉంది. పిట్ట ఎటు లేస్తుందో ముందు తెలియదు, తోడొచ్చినవాళ్లు పొదల్లో కనబడరు. కానీ వేటగాడు నడుస్తాడు, ఒకటి రెండు సార్లు పేలుస్తాడు, ముందుకు సాగిపోతాడు. గువ్వల మీద వాడే చిన్న గుళ్లు కొన్ని వందల గజాలకు మించి పోవు. దానికి లైసెన్స్ ఉంది, సీజన్ ఉంది, రోజుకిన్ని అనే లెక్క ఉంది. కొలరాడోలో అయితే రైఫిల్ సీజన్‌లో నడుము పైన కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు బట్ట, తలకి అదే రంగు టోపీ తప్పనిసరి. అరిజోనాలో చట్టం అడగదు, అయినా వేసుకోండి. గురి ప్రాక్టీస్ అలా కాదు. ఒకే చోట నిలబడి గంటలకొద్దీ వందల తూటాలు. వాళ్లు పోయాక మిగిలేవి పగిలిన టీవీలు, తూట్లు పడిన ఫ్రిజ్‌లు, తూటాల ఖాళీ తొడుగులు, నేలలో సీసం. గాయపడిన సగ్వారో (ఇక్కడి పెద్ద కాక్టస్) చెట్టు మళ్లీ అంత ఎదగాలంటే మనిషి జీవితకాలం దాటిపోతుంది. ఇక్కడి సోనోరన్ డెజర్ట్ నేషనల్ మాన్యుమెంట్ అనే రక్షిత ఎడారిలో బీఎల్ఎం 2024 నిర్ణయంతో గురి ప్రాక్టీస్‌ని సుమారు 5 వేల ఎకరాలకు కుదించి, వేటని మాత్రం అలాగే ఉంచింది అందుకే అని నేను అర్థం చేసుకున్నాను. కొందరు చేసిన చెత్తకి జాగ్రత్తగా ఉండేవాళ్లు కూడా చోటు పోగొట్టుకుంటారు, ఆ బాధ నాకుంది.

ఎండాకాలంలో ఈ తేడా ఇంకా తెలుస్తుంది. నిప్పు ఆంక్షలు పెట్టినప్పుడు ఇక్కడి నేషనల్ ఫారెస్ట్‌లలో తుపాకీ పేల్చడం నిషేధిస్తారు, చట్టబద్ధమైన వేటకి మినహాయింపు ఇస్తారు. 2017 ఏప్రిల్‌లో టూసాన్ దక్షిణాన పేలుడు టార్గెట్‌ని (తూటా తగిలితే పేలేది) కాల్చినప్పుడు అంటుకున్న సామిల్ మంట దాదాపు 47 వేల ఎకరాలు తగలబెట్టింది. పేలుడు టార్గెట్లు ఎవరు తెచ్చినా నేను ఆ గుంపులో నిలబడను.

రేంజ్‌లో ఇబ్బందులు లేవని కాదు. శని, ఆదివారాల్లో జనం ఎక్కువ, బెంచీ కోసం కాచుకోవాలి. మోకాలి మీద కూర్చుని, వాలు నేల మీద నిలబడి, కొండ ఎక్కిన ఆయాసంలో కాల్చడం అలవాటు కాదు. వేటకి కావాల్సింది మాత్రం అదే. ఆ అలవాటు కోసం అనుభవం వచ్చాక ఎడారికి వెళ్లేవాళ్లని నేను తప్పుపట్టను. డబ్బు సంగతంటారా, 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద మనం కొనే రైఫిల్ మీద, తూటాల మీద తయారీదారు దగ్గరే 11 శాతం పన్ను పడుతుంది. ఆ డబ్బు రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళ్తుంది, కొంత రేంజ్‌లకూ పెట్టొచ్చు. అంటే ఇలాంటి వాటికి మనం ఇప్పటికే కొంత కట్టి ఉన్నాం.

నడిమధ్య దారి ఒకటుంది. ఫీనిక్స్ చుట్టూ బీఎల్ఎం ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన షూటింగ్ సైట్లు ఐదున్నాయి: బాల్డీ మౌంటెన్, బాక్స్ కాన్యన్, చర్చ్ క్యాంప్ రోడ్, నారామోర్ రోడ్, శాడిల్‌బ్యాక్ మౌంటెన్. గట్టు ప్రశ్నకి ఇక్కడ జవాబు దొరుకుతుంది, ఆపే మనిషి ప్రశ్నకి దొరకదు. అందుకే నా దృష్టిలో ఇవి రెండో స్థానం. వారం మధ్యలో, పొద్దున్నే, తెలిసినవాళ్లతో వెళ్లి, మీలో ఒకరిని 'ఆపండి' అనే పనికి పెట్టుకోండి. ఆయన ఆ పూట కాల్చకూడదు.

ఇండోర్ రేంజ్‌లు 110 డిగ్రీల ఎండలో హాయి, ఖర్చు ఎక్కువ, రైఫిల్‌కి దూరం చాలదు. స్టేట్ ట్రస్ట్ భూమిలో (రాష్ట్రం చేతిలో ఉన్నది) వేట లైసెన్స్ ఉన్నవాళ్లు సీజన్‌లో వేటాడొచ్చు గానీ గురి ప్రాక్టీస్ కుదరదు. బీఎల్ఎం భూమి అనుకుని అక్కడ ఆగేవాళ్లు ఉన్నారు, మ్యాప్ చూసుకోండి.

ఇక హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకి. నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసాతో వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. రేంజ్‌లో గంటసేపు అద్దెకి తీసుకున్నా అదే లెక్క. మినహాయింపులు కొన్నే, అందులో మనవాళ్లకి పనికొచ్చేది అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ అడ్డంకి లేదు. "ఫ్రెండ్ తుపాకీ కదా, ఒక్కసారి కాలుస్తా" అని ఎడారికి బయల్దేరేవాళ్లు ముందు లైసెన్స్ తీసుకుని, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగి తేల్చుకోండి. ఎడారికైనా, బెన్ ఎవరీకైనా ఆ తర్వాతే.