ఎస్‌ఆర్‌డీ 5.1: ఉచితం సరే, లోపల ఏముంది?

ఎస్‌ఆర్‌డీ అంటే సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్. పాత్రలు ధరించి ఆడే బల్లమీది ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఐదో ఎడిషన్ మూల నియమాలున్న ఈ పీడీఎఫ్ దాదాపు 400 పేజీలు, పైసా ఖర్చు లేదు. అసలు విలువ మాత్రం లైసెన్సులో ఉంది. 2023 జనవరిలో ఈ ఆట ప్రచురణ సంస్థ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్, ఈ నియమాలతో ఇతరులు సొంత పుస్తకాలు వేసుకోనిచ్చే 2000 నాటి ఓపెన్ గేమ్ లైసెన్సును చెల్లదనిపించాలని చూసింది. బయటికి పొక్కిన కొత్త లైసెన్సు ముసాయిదాలో అలాంటి ప్రచురణకర్తల ఏడాది ఆదాయం 7,50,000 డాలర్లు దాటితే, ఆ పైమొత్తంపై 25 శాతం దాకా రాయల్టీ! ఆటగాళ్లు కంపెనీ ఆన్‌లైన్ సేవ డీ అండ్ డీ బియాండ్ చందాలు రద్దు చేసుకోవడంతో కంపెనీ నెల తిరక్కముందే దిగొచ్చి, ఈ పీడీఎఫ్‌ను క్రియేటివ్ కామన్స్ బై 4.0 (క్రెడిట్ ఇస్తే ఎవరైనా వాడుకోగల లైసెన్సు) కింద పెట్టింది. ఇక వెనక్కి తీసుకోలేరు. పాత లైసెన్సులో ఆ మాట స్పష్టంగా లేకపోవడమే కొంప ముంచింది.

వాడుకునేవాళ్లు పీడీఎఫ్ మొదట్లో ఇచ్చిన క్రెడిట్ వాక్యాన్ని అక్షరం మార్చకుండా తమ పుస్తకంలో వేయాలి. "ఐదో ఎడిషన్‌కు సరిపోతుంది" అని రాసుకోవచ్చు. డీ అండ్ డీ లోగో జోలికి మాత్రం వెళ్లొద్దు.

సరుకు పలచనే. 12 క్లాసులున్నా (పాత్రల వృత్తులు) ఒక్కోదానికి ఒకే సబ్‌క్లాస్ (ఉపశాఖ): ఫైటర్‌కి ఛాంపియన్, అంతే. ఫీట్ (పాత్రకు దక్కే ప్రత్యేక నైపుణ్యం) ఒక్కటే, గ్రాప్లర్. బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర గత జీవితం) కూడా ఒక్కటే, అకొలైట్. కొత్తగా ఆట నేర్చుకునేవాళ్లకు దీంతో తికమకే. సొంత సాహసాలు రాసి అమ్ముకునేవాళ్లకైతే ఇంతకన్నా గట్టి పునాది దొరకదు.